కొలిమి, కొట్టు, కార్తెలు

మృగశిర కార్తె ప్రవేశించి మొదటి వాన పడిన మరునాడు, తెల్లవారకముందే మా కొట్టు తలుపు తట్టువారుందురు. నేల మెత్తబడినది; ఇంటిలోని గడ్డపార మొన అరిగిపోయినది, పార కామ విరిగినది. ఆ సంగతి రైతునకు ఆ ఉదయముననే జ్ఞప్తికి వచ్చును. అది మొదలు ఇరువది దినములు మాకు కూర్చుండి భోజనము చేయు తీరికయైనను చిక్కదు. అదే కొట్టులో భాద్రపద మాసపు మధ్యాహ్నమున వచ్చి చూచినచో, ఈగలు తోలుకొనుట తప్ప మాకు వేరు పని కనబడదు. పనిముట్ల వ్యాపారము నడుపుట యనగా ఈ రెండు కాలములను ఒకే పెట్టుబడితో దాటుటయే.

మేము మధిరలో తోటలకును పొలములకును కావలసిన చిన్న పనిముట్లను చేయించి అమ్ముకొనువారము. ముందు కొట్టు, వెనుక కొలిమి. మధిర వైరా నది చెంత నున్న ఊరు. 1889లో నిజాము రైల్వే బెజవాడ చేరినప్పుడు వేసిన మార్గమే నేటి కాజీపేట–విజయవాడ మార్గము. అది మా ఊరి మీదుగా పోవును. దక్షిణమున కొలది దూరములో ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. ఈశాన్యముగా పోయినచో కొత్తగూడెము, భద్రాచలము అడవులు. అందుచేత మా కొట్టుకు వచ్చువారు మూడు తెరగులవారు: కాలువ క్రింద వరి పండించువారు, నల్లరేగడిలో ప్రత్తి, మిరప వేయువారు, అడవి పల్లెలనుండి వచ్చువారు. ఒకే వస్తువును కొందరు గడ్డపార యనియు, సరిహద్దు దాటి వచ్చువారు గునపమనియు అడుగుదురు. పేరేదైనను తూకమొక్కటే.

మా వ్యాపారమునకు పంచాంగమే ఖాతా పుస్తకము. జ్యేష్ఠమున ఏరువాకకు గడ్డపారలు, పారలు, గుంటక పళ్ళు పోవును. ఆషాఢ శ్రావణములలో కలుపు పని వచ్చును. అప్పుడు ఖుర్పీలు, దోకుడుపారలు కావలెను. ఆ దినములలోనే మొక్కలు నాటు కార్యక్రమములును జరుగును. 1950లో కె. ఎం. మున్షీ ఆరంభించిన వనమహోత్సవము జూలై నెలలో వచ్చుటచే గుంతలు త్రవ్వు పనిముట్లకు మరికొంత గిరాకి కలుగును. పిమ్మట భాద్రపదము శూన్యము. విజయదశమికి ఆయుధపూజ పేరున కొంత కదలిక. కార్తిక మార్గశిరములలో వరికోతల కొడవళ్ళు. మాఘ ఫాల్గుణములలో అడవి ప్రక్కనుండి కత్తులు, గొడ్డళ్ళు కావలెనని వత్తురు. ఆ దినములలో తునికి పొదలను కొట్టినగాని వేసవిలో బీడీలకు పనికివచ్చు లేత ఆకు రాదు. చైత్ర వైశాఖములలో మట్టిపని, ఇండ్ల కట్టడము. అప్పుడు గమేళాలు, గడ్డపారలు కదలును.

వినుటకు ఇది యేడాది పొడుగునను పని యున్నట్లే తోచును. కాని గిరాకి వచ్చునది విడివిడిగా, ఉప్పెనవలె. ఖర్చు మాత్రము ప్రతి దినమును ఒకే రీతిగా నుండును. కొట్టు అద్దెకు భాద్రపదమని తెలియదు. కొలిమి దగ్గర పనిచేయు పెద్దాయనకును, ఆయన కుమారునికిని ఆ నెలలోను ఆకలి యగును. పైగా జ్యేష్ఠమున అమ్మవలసిన పారకు ఇనుము ఫాల్గుణముననే కొనవలెను. అనగా సొమ్ము ముందు పోవును, వెనుక వచ్చును. నడుమ నుండు మూడు నాలుగు నెలలే ఈ వ్యాపారమునకు అసలు పరీక్ష.

ఈ పరీక్షలో మేమొకసారి తప్పితిమి. 2015లో, వెనుకటి యేటి గిరాకి మరల వచ్చునని నమ్మి, వేసవిలోనే కొన్న ఇనుమునంతటిని పారలుగను గుంటక పళ్ళుగను చేయించితిమి. ఆ యేడు తెలంగాణమున వానలు చాలలేదు. సరుకు గోడకు చేరగిలబడి తుప్పు పట్టినది. అప్పుడు మా కొలిమి పెద్దాయన పలికిన మాట నేటికిని మాకు పాఠముగా నున్నది: “పట్టీగా ఉన్నన్నాళ్ళు అది పారైనా కావచ్చు, కొడవలైనా కావచ్చు. పారైన తరువాత మరి పారే గదయ్యా.” నాటినుండి ఇనుములో సగమునే ముందుగా పనిముట్లుగా చేయింతుము. మిగిలిన సగము పట్టీగనే యుంచి, వాన పోకడ చూచి తేల్చుకొందుము. వాన వెనుకబడినచో అదియే కొడవలి యగును. కుండపోతగా కురిసినచో పూడిక ఎత్తు పార యగును. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో మున్నేరు పొంగి ఖమ్మము పల్లపు వాడలు మునిగిన తరువాత ఇండ్లలోని బురద ఎత్తుటకు పారలే కావలసివచ్చినవి. అట్టి అవసరము ఏ పంచాంగమునను ముందుగా వ్రాసియుండదు.

ఇక ధరల సంగతి. మా చేతిలో లేని ధర ఇనుము ధర. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధము మొదలు కాగా, ఉక్కు కాచుటకు వాడు బొగ్గు ప్రపంచమంతటను ప్రియమైనది. దానితో ఉక్కు ధర ఎగసినది. మే నెలలో కేంద్ర ప్రభుత్వము ఉక్కు ఎగుమతులపై సుంకము విధించినది, ధర దిగినది, నవంబరులో ఆ సుంకమును తొలగించినది. ఎక్కడి యుద్ధము, ఎక్కడి సుంకము! కాని ఏప్రిల్‌లో ఇనుము కొన్నవాడు ఆగస్టులో కొన్నవానికంటె నష్టపోయెను. సింగరేణి గనులు మాకు దగ్గరలోనే యున్నవి గదా, బొగ్గుకేమి కొరత యని కొందరడుగుదురు. గనిబొగ్గులోని గంధకము కాగిన ఇనుమునకు చెరుపు చేయును. మంచి అలుగు కావలెనన్నచో కట్టెబొగ్గే మేలు. దాని ధరయు ఏటేట పెరుగుచునే యున్నది.

పన్ను విషయమొకటి తెలియదగినది. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినప్పుడు పార, కొడవలి, గొడ్డలి వంటి చేతి పనిముట్లపై పన్ను లేకుండ చేసిరి. రైతునకిది మేలే. కాని వాటికి వాడు ఇనుముపై నూటికి 18 చొప్పున పన్ను కలదు. పన్ను గల వస్తువును అమ్మువాడు తాను సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకొనవచ్చును. మేమమ్మునది పన్ను లేని వస్తువు గనుక మాకా వీలు లేదు. ఇనుముతో వచ్చిన పన్ను పారలోనే ఇమిడిపోవును.

దీనినంతను ఒక లెక్కలో చూతము. ఈ అంకెలు బజారు ధరలు కావు. లెక్క బోధపడుటకై మేము పెట్టుకొన్నవి. ఒక పారకు ఇనుము 120 రూపాయలు, బొగ్గు 20, కూలి 60, కామ 40, కొట్టు ఖర్చు 30, మొత్తము 270. అమ్మకపు ధర 300, లాభము 30. ఇనుము ధర నాలుగవ వంతు పెరిగినదనుకొందము. ఇనుము 150 అగును, మొత్తము 300 అగును, లాభము సున్న. నాలుగవ వంతు పెరిగినది ఒక్క ఇనుమే, పోయినది లాభమంతయు. అట్లని పార ధరను నాలుగవ వంతు పెంచ నక్కరలేదు. పదవ వంతు పెంచి 330కి అమ్మినచో మునుపటి ముప్పది రూపాయలు నిలుచును. ఈ లెక్కను పలకపై వ్రాసి కొట్టులో పెట్టితిమి. ధర యెందుకు పెరిగినదని అడుగువారికి దానిని చూపుదుము. కారణము తెలిసిన గిరాకిదారు బేరమాడును గాని అపనమ్మకముతో వెడలిపోడు.

ఇంతకంటె లోతైన గోతి అరువు. జూన్‌లో పార తీసికొని, మార్చిలో మిరపకాయలు ఖమ్మము మార్కెట్టుకు చేరిన తరువాత సొమ్ము ఇచ్చెదమనుట మా వైపు వాడుక. తొమ్మిది నెలలు. ఆ పారలో చిక్కుకొన్న 270 రూపాయలను మేము నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చియుంటిమేని, తొమ్మిది నెలలకు వడ్డీ 49 రూపాయలగును. లాభము 30, వడ్డీ 49. అమ్మినందుకు 19 రూపాయలు నష్టము! అదే ఏడాదికి నూటికి పండ్రెండు చొప్పున బ్యాంకులో తెచ్చినచో వడ్డీ 24 రూపాయలు. ఆరు రూపాయలైనను మిగులును. కనుక అరువు మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు ముందు, మన చేతిలోని సొమ్ము ఏ వడ్డీదో చూచుకొనవలెను. తరతరములుగా వచ్చు రైతునకు అరువు లేదని మేము చెప్పలేము. ఆయన చేనికి తెగులు సోకిన యేడు మేమును కలిసియే ఓర్చుకొందుము. కాని ఇప్పుడు సగము సొమ్ము ముందుగా పుచ్చుకొందుము. రొక్కమిచ్చువారికి రూపాయి రెండు రూపాయలు తగ్గింతుము.

వడ్డీ మాట వచ్చినది గనుక ఒక పథకమును చెప్పవలెను. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో కమ్మరి వృత్తియు, సుత్తులు పనిముట్లు చేయు వృత్తియు కలవు. శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయలు, పనిముట్ల సామగ్రికి 15,000 రూపాయలు, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు నూటికి అయిదు వడ్డీపై అప్పు ఇచ్చుట ఇందులోని ఏర్పాటు. లక్షకు నూటికి రెండు చొప్పున ఏడాదికి 24,000 వడ్డీ. అయిదు చొప్పున 5,000. ఈ భేదమే కొన్ని కొలుములు నిలుచుటకును ఆరుటకును గల భేదము.

మాకు కాలము తెచ్చిన పోటీలును తక్కువ కావు. కోత యంత్రములు వచ్చి కొడవలిని వెనుకకు నెట్టినవి. కలుపు మందులు వచ్చి ఖుర్పీ గిరాకిని తగ్గించినవి. జలంధర్, లూధియానాలనుండి కర్మాగారపు సరుకు నిగనిగలాడుచు వచ్చుచున్నది. దానిని మేమును అమ్ముదుము. అయినను కొలిమిని ఎందుకు విడువలేదని మిత్రులడుగుదురు. నల్లరేగడి బంకమట్టి, దానికి సన్నని, నున్నని అలుగు గల పార కావలెను. గులకరాతి ఎర్రనేలకు అట్టి పార పనికిరాదు. దళసరి అంచు ఉండవలెను. పొట్టివానికి కురుచ కామ, ఎడమచేతివానికి వేరు కొడవలి. ఈ తేడాలు కర్మాగారమునకు తెలియవు, మా పెద్దాయనకు తెలియును. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో కాచిన ఉక్కు ముద్దలు ఒకప్పుడు పారశీకము దాక పోయి కత్తులైనవి. అట్టి విద్య గల నేలపై పారకు అలుగు పెట్టువాడు లేకపోవుట మనకు శోభ కాదు.

కాని శోభ కడుపు నింపదు. మూడేండ్ల క్రిందట ఒక భాద్రపదమున పెద్దాయన కుమారుడు, పని లేని నెలలలో కూలి లేదు గనుక హైదరాబాదు పోయి మోటారు తోలుకొందునని చెప్పెను. అతడు వెడలినచో మా కొట్టు ఇతరుల సరుకు అమ్ము కొట్టు మాత్రమే యగును. ఆ రాత్రి లెక్కలు వేసికొని, పండ్రెండు నెలలును కూలి ఇచ్చెదమని మాట ఇచ్చితిమి. మాట నిలుపుకొనుటకు ఖాళీ నెలలకు పని వెదకవలసి వచ్చినది. మొదటిది మరమ్మతు. మొన అరిగిన గడ్డపారకు క్రొత్త మొన, విరిగిన గొడ్డలికి చిరుమాను కామ, మొద్దుబారిన కత్తెరకు సాన. ఇందులో ఇనుము ఖర్చు స్వల్పము. వచ్చినదానిలో అధిక భాగము కూలియే. రెండవది పెరటి తోటల సామగ్రి. పట్టణములలో డాబాలపై కుండీలు పెంచువారు ఎక్కువైరి. వారు చేమంతులు, కూరగాయలు పెట్టునది వానలు తగ్గిన తరువాతనే, అనగా రైతుకు మాతో పని లేనప్పుడే. చిన్న తవ్వుగోల, చేతి పార, కొమ్మలు కత్తిరించు కత్తెర, ఈ మూడును కలిపి సంచిలో పెట్టి అమ్ముదుము. ఈ రెండు పనులతో భాద్రపదపు కూలి గట్టెక్కుచున్నది. లాభము లేదు, కాని కొలిమి ఆరలేదు. ఆ అబ్బాయి ఇక్కడనే యున్నాడు.

పెరడు గల పాఠకులకు నాలుగు మాటలు. పనిముట్టును గిరాకి లేని నెలలో కొనుడు. బేరమును కుదురును, చేసినవాడు తీరికగా చేయును. పారను గోటితో కాక చిన్న ఇనుపముక్కతో తట్టి చూడుడు; ఖంగుమని మ్రోగవలెను, బొంగురుగా పలికినచో పగులున్నదని శంకింపవలెను. కామలో చెక్క గీతలు నిలువుగా పారవలెను. అడ్డముగా పోయినచో విరుగును. పని ముగిసిన పిదప మట్టి కడిగి, తుడిచి, చుక్క నూనె రాయుడు. ఒక పార రెండేండ్లు ఎక్కువ వచ్చినచో మాకు గిరాకి పోవునేమో యని మీరు సందేహింప నక్కరలేదు. దాని అలుగు సరిచేయుటకు మీరు భాద్రపదమున మా కొలిమికే వత్తురు. ఆ నెలలో మాకు కావలసినదియు అదియే.