కారుచౌడుకు జిప్సము సరే, ఒంటికి క్షారాహారమో?

మొన్నటి సంఘ సమావేశమునకు వచ్చిన మెట్టరైతొకరు, తమ యింట నెలదినములుగా పప్పు వండుట మానితిమనియు, తాము ప్రతి యుదయము చెంచాడు వంటసోడా నీటిలో కలిపి త్రాగుచున్నామనియు సంతోషముతో చెప్పిరి. అన్నము, పప్పు, మాంసము ఒంటిలో ఆమ్లము పుట్టించుననియు, క్షారాహారము దానిని విరుచుననియు వారెవరివలననో వినిరి. ఇందు నా తప్పును కొంత కలదు. నిరుడు వారి పొలపు మట్టిని పరీక్షించి చూపుచు, "వేసినదానిని బట్టి నేల గుణము మారును, మన యొంటి సంగతియు నింతే" యని మాటవరుసకు నేనే యంటిని. ఆ యింటి కోడలు చంటిబిడ్డ తల్లియని తెలిసినప్పుడు నా మనస్సు కలుక్కుమన్నది.

సోదరులారా, నేల వేరు, ఒడలు వేరు. కారుచౌడు నేలకు జిప్సము వేసి, మంచినీరు నిలగట్టి, ఆ నీటిని మురుగుకాలువలోనికి తీసివేసినచో దాని గుణము మారును. నెత్తురు తిండివలన అట్లు మారదు. దాని పి.హెచ్. అంకె 7.35 మొదలు 7.45 వరకు గల యిరుకు గట్లనడుమనే యుండును. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపియు, మూత్రపిండములు మిగులు ఆమ్లమును త్రోసివేసియు దానిని కాపాడుచుండును. ఆకుకూరలు హెచ్చుగ తిన్నచో మారునది మూత్రము. దానియందు లిట్మసు కాగితము ముంచి, నెత్తురే మారినదని మురియుట పొరపాటు. పుల్లని నిమ్మపండును క్షారాహారమున చేర్చుట చూచి కొందరు నవ్వుదురు గాని, అందలి పులుసు ఒంటిలో దహించుకొనిపోయి క్షారగుణముగల లవణములు మిగులును గనుక ఆ లెక్క తప్పు కాదు.

అట్లయిన ఈ పద్ధతిలో మంచియే లేదా? కలదు. మన కంచమున అన్నము రాశి, కూర చిటికెడు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, దినమునకు 2000 కెలోరీలు చాలువారికి ధాన్యములు 250 గ్రాములు, పప్పులు గాని గుడ్డు మాంసములు గాని 85 గ్రాములు, కాయగూరలు ఆకుకూరలు కలిసి 400 గ్రాములు అని యున్నది. పారపని చేయువారికి ధాన్య మింకను కావలయును. కూర 400 గ్రాములు! నేను భోజనము చేసిన యిండ్లలో నలుగురికి కలిపి అంత వండినవి కొద్ది. పెరటి మునగాకు, గట్టుమీది తోటకూర, పందిరి బీర కొనవలసినవి కావు గదా. పప్పు ఆమ్లపు పట్టికలో నుండిన నుండుగాక, మాంసము తినని యింట మాంసకృత్తులకు ముఖ్యాధారమదియే. అందులో తోటకూర వేసి పప్పుకూర వండినచో ఉభయపక్షములును సమాధానపడును.

వంటసోడాలో సోడియము మెండు. రక్తపోటు గలవారికి అది హాని. మూత్రపిండరోగులలో కొందరికి వైద్యుడు కొలిచి యిచ్చుట వేరుమాట. ఉద్దానమువంటి సీమలలో మూత్రపిండములు చెడిన రైతులు పలువురు కలరు. అట్టివారు ఆకుకూరలు, పండ్లు, కొబ్బరినీరు సైతము వైద్యుని అడుగక పెంచరాదు. వానిలోని పొటాసియము వెడలిపోక నెత్తుట నిలిచి, గుండెకే ముప్పు తెచ్చును.

తరువాతి వారము ఆ రైతుగారి యింటికి పోయితిని. పప్పు మరల పొయ్యి నెక్కినది. సోడా మానితిరా యని యడుగగా, బజ్జీలకు మాత్రమే యుంచితిమనిరి.