ఎఱ్ఱనాచు – పొలమునకు తోలవచ్చునా?

పులికాటు సరస్సు తీరమున వలలకు చుట్టుకొని వచ్చు నాచును పొలములకు తోలవచ్చునా యని కొందరు సభ్యులు మమ్ము నడుగుచున్నారు. తోలవచ్చును, కాని వచ్చినది వచ్చినట్లు తోలరాదు.

శాస్త్రజ్ఞులు గ్రాసిలేరియా యని పిలుచు నాచు వీనిలో నొకటి. ఇది యెఱ్ఱనాచుల తెగలోనిది. పేరునకు ఎఱుపే గాని, యెండ మిక్కిలిగ తగులుచోట గోధుమవన్నెగను, ఒక్కొక్కప్పుడు పచ్చగను కనబడును. చిల్కా సరస్సునందును కలదు. తెగిన ముక్కనుండియు మరల పెరుగును గనుక, కోయువారు మొదలు విడిచి కోయవలెను.

దీనిని ఉడికించి తీసిన జిగురే అగరు. 1941లో జపాను యుద్ధమున దిగగా అచ్చటి అగరు రాక నిలిచి, పలుదేశములవారు తమతమ తీరముల నాచును వెదకుకొనిరి. నేడు మిఠాయిలకు, సూక్ష్మజీవులను పెంచుటకు అగరు కావలెను. మనము కొను టిష్యూకల్చరు అరటిమొక్క తొలిదినములు సాధారణముగ గడచునదియు అగరు ముద్దమీదనే. ఈ సంగతి యెఱిగిన రైతులు కొద్దిమంది.

ఇక ఎరువు మాట. నాచున పొటాషు కలదు, భాస్వరము తక్కువ, ఉప్పు మాత్రము చేటు. మంచినీట రెండుమూడు మారులు కడిగి, పశువులపెంటతో కలిపి కుళ్లబెట్టి వేయవలెను. చౌడుపట్టిన చేలకు కడిగినదియు వలదనియే మా యభిప్రాయము.

పులికాటు పక్షుల రక్షితప్రదేశము. కావున కోతకు దిగకముందే అటవీశాఖవారి నడిగి తెలిసికొనవలెను.