కంటికీ చెవికీ తగవు - కడుపుకు శిక్ష

తెనాలి, బాపట్ల, రేపల్లె: చలికాలం వచ్చిందంటే ఈ ప్రాంతపు పాఠశాలల నుంచి విహారయాత్రల బస్సులు బయలుదేరుతాయి. 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ, 2016లో వండర్‌లా వచ్చిన తర్వాత పిల్లలకు హైదరాబాదు మీదే మోజు. అయితే పేర్లు ఇచ్చే రోజున కొందరు పిల్లలు వెనక్కు తగ్గుతారు. డబ్బు లేక కాదు. "మా అమ్మాయికి బస్సు పడదండీ" అని తల్లిదండ్రులే పంపరు. ధైర్యం చేసి వెళ్ళిన వారిలో కొందరు దారి పొడుగునా వాంతులు చేసుకుని, అక్కడ రంగులరాట్నం లాంటిది ఒక్కటి ఎక్కగానే నీడపట్టున కూలబడతారు. తోటివారు నవ్వుతారు. మరుసటి ఏడు ఆ పిల్లలు యాత్ర మాటెత్తరు.

పైత్యమని, అరగలేదని, దిష్టి తగిలిందని పెద్దలు తలో మాట చెబుతారు. నిజానికి తప్పు కడుపుది కాదు.

చెవిలో నీటి బిందె

వినడానికే కాక, ఒళ్ళు తూలకుండా నిలబడడానికి కూడా చెవి కావాలి. లోపలి చెవిలో అర్ధవలయాకారంలో మూడు సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరిగితే ఆ ద్రవం కదిలి మెదడుకు కబురు అందుతుంది. నిండు బిందెతో నడిచే మనిషి ఆగినా బిందెలో నీళ్ళు కాసేపు ఊగుతూనే ఉంటాయి కదా! రాట్నం ఆగిన తర్వాత కూడా లోకం గిర్రున తిరగడం అలాంటిదే.

బస్సులో కూర్చుని సెల్‌ఫోను చూసే పిల్లవాడికి కన్ను "కదలడం లేదు" అంటుంది, చెవి "కదులుతున్నాం" అంటుంది. పెద్ద తెర ముందు కుర్చీలు ఊగే ఆటల్లో ఇది తలకిందులవుతుంది. తెర మీద బొమ్మ లోయలో పడుతుంటే కన్ను "పడిపోతున్నాం" అంటుంది. కుర్చీ మాత్రం జానెడు ఊగి ఊరుకుంటుంది. ఈ తగవు తీర్చలేక మెదడు తికమకపడితే చెమటలు, ఆవులింతలు, ఆపై డోకు వస్తాయి.

లోపలి చెవి బొత్తిగా పనిచేయని వారికి ఈ బాధ రాదని వైద్యులు చెబుతారు. మూలం చెవిలో ఉందనడానికి అదే సాక్ష్యం. డ్రైవరుకు సాధారణంగా వాంతి రాదు. మలుపు ఎప్పుడు వస్తుందో అతనికి ముందే తెలుసు గనుక. ఇది పిరికితనం కూడా కాదు. ఇంగ్లండు నౌకాదళాన్ని నడిపిన నెల్సన్‌కే జీవితాంతం సముద్రం పడలేదు. ఈ బాధ రెండు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు, మగవారి కన్నా ఆడవారికి ఎక్కువ.

వెలుగుల ప్రమాదం

1984లో మలయాళంలో తీసి, తెలుగులో 'చిన్నారి చేతన'గా వచ్చిన త్రీడీ చిత్రాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చూసినవారు ఇంకా ఉన్నారు. ఇప్పుడు కళ్ళు పూర్తిగా మూసివేసే పెట్టె లాంటి అద్దాలే వచ్చాయి. వాటితో తలతిప్పు మరింత ఎక్కువ. టపటపా కొట్టుకునే వెలుగులతో మరో చిక్కు ఉంది. 1997 డిసెంబరులో జపానులో ఒక టీవీ బొమ్మల కార్యక్రమంలో ఎరుపు, నీలం కాంతులు వేగంగా మెరిసినపుడు ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో అత్యధికులు పిల్లలే. మూర్ఛ ఉన్నవారిని ఇటువంటి వెలుగుల ఆటలకు దూరంగా ఉంచాలి.

జాగ్రత్తలు ఇవీ

బస్సు పడని పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా రోడ్డును చూడమనాలి. ఫోను, పుస్తకం ఇవ్వరాదు. ఖాళీ కడుపు, నూనె వస్తువులతో నిండిన కడుపు రెండూ చేటే. ప్రయాణానికి ముందు ఇడ్లీ వంటి తేలిక తిండి చాలు. అల్లం కొందరికి ఉపశమనం ఇస్తుంది. మాత్ర వేసుకోవాలంటే డాక్టరు సలహాతో బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక ఫలితం తక్కువ. మాత్ర నిద్ర తెస్తుంది గనుక వాహనం నడిపేవారు వేసుకోరాదు. వాంతికి సంచులు దగ్గర ఉంచాలే తప్ప కిటికీలోంచి తల బయట పెట్టనీయరాదు. ఎదురుగా లారీ వస్తే ప్రాణానికే ముప్పు.

ఆటలో తలను సీటుకు ఆనించి ముందుకు చూడాలి. తెర ఆటలో తిప్పు మొదలైతే కళ్ళు మూసుకోవాలి. ఒకటి దిగగానే మరొకటి ఎక్కకుండా కొంచెం ఆగాలి. గుండె జబ్బు, రక్తపోటు, మెడ లేదా వెన్ను నొప్పి ఉన్నవారు, గర్భిణులు, ఈమధ్య ఆపరేషను అయినవారు వేగపు ఆటలు ఎక్కరాదు. బోర్డు మీద రాసిన ఎత్తు కన్నా పొట్టిగా ఉన్న పిల్లవాణ్ణి బతిమాలి ఎక్కించడం తగదు. దిగాక ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మరునాటికీ తలతిప్పు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

ఈసారి పేర్లు రాసుకునేటపుడు ఉపాధ్యాయులు "ఎవరికి బస్సు పడదు?" అని అడిగి, వారికి ముందు సీట్లు కేటాయిస్తే మంచిది. అందువల్ల అయ్యే ఖర్చేమీ లేదు. ఇంటి దగ్గర మిగిలిపోయే పిల్ల కూడా హైదరాబాదు చూసి వస్తుంది.