పత్తి చేలకు చిన్నారులు.. బడిలో ఖాళీ బల్లలు
వలస గ్రామాల్లో చదువులకు గండం
ఇల్లు, బడి, ఊరు ఏకమైతేనే హాజరు

ఆదోని: పత్తి తీతలు మొదలైతే చాలు, కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లోని పాఠశాలలు వెలవెలబోతాయి. హాజరు పట్టీలో పేరు ఉంటుంది. విద్యార్థి మాత్రం చేలో ఉంటాడు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో ఏటా కనిపించే దృశ్యమిది.

కారణాలివీ..

తుంగభద్ర చెంతనే పారుతున్నా ఇక్కడి భూముల్లో అధిక శాతం వర్షాధారమే. పత్తి తీతకు కిలోల లెక్కన కూలి ఇస్తారు. తోడుగా చిన్న చేతులు పడితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయన్నది తల్లిదండ్రుల ఆశ. ఖరీఫ్ ముగిశాక గుంటూరు ప్రాంతంలో మిరప కోతలకు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుంటాయి. చంటిపిల్లలను చూసుకునే బాధ్యత ఆడపిల్లలపై పడుతుంది. రెండు, మూడు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లలకు పాఠం అర్థం కాదు. తోటివారి ముందు చిన్నబోయి, క్రమంగా బడికి దూరమవుతారు. బడి మానడం ఒక్క రోజులో జరిగేది కాదన్న మాట.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

వలస వెళ్లక తప్పకపోతే ఆ విషయాన్ని ముందుగా ప్రధానోపాధ్యాయునికి తెలపాలి. పిల్లలను ఊళ్లోనే ఉంచి భోజనం, వసతి కల్పించేందుకు సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు నిర్వహిస్తుంటారు. వెంట తీసుకెళ్తే అక్కడి బడిలో చేర్పించాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బదిలీ పత్రం ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు.

బడి బాధ్యత

వరుసగా మూడు రోజులు రాని విద్యార్థి ఇంటికి ఉపాధ్యాయుడు వెళ్లి వాకబు చేస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. దండించడం, అందరిలో చులకన చేయడం మేలు కన్నా కీడే చేస్తాయి. తిరిగొచ్చిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టమే చెబుతోంది.

ఊరు కదిలితే..

రంగారెడ్డి జిల్లాలో ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990వ దశకంలో ఈ బాటే చూపింది. గ్రామస్థులను, యువకులను, ఉపాధ్యాయులను కలుపుకొని పని మాన్పించిన పిల్లలను శిబిరాల్లో చదివించి బడుల్లో చేర్చింది. దీనికి సారథ్యం వహించిన శాంతాసిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఈ కమిటీ నెలకోసారి హాజరు పట్టీ పరిశీలించి, రాని పిల్లల జాబితాను పంచాయతీ ముందుంచితే ఫలితం ఉంటుంది. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానికి 2016 సవరణ చట్టం కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, రూ.20 వేల నుంచి రూ.50 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పనిలో మగ్గుతున్న పిల్లలు కనిపిస్తే 1098కు ఫోన్ చేయవచ్చు.

కేసులు, జరిమానాలతోనే బడి నిండదు. పత్తి తీతల కాలానికి ముందే ఏ ఇంటి నుంచి ఎవరు వలస వెళ్తారో, పిల్లలను ఎవరు చూస్తారో ఊరు లెక్క తేల్చుకోవాలి. ఆ పని ఆలస్యమైన కొద్దీ బల్లలు ఖాళీ అవుతూనే ఉంటాయి.