పుట్టి కొన్నాను

"పడవ కొంటాను" అని ఒక రాత్రి భోజనాల దగ్గర నేను ప్రకటించగానే మా ఇంట్లో ముగ్గురూ మూడు విధాలుగా మాట్లాడారు. "నలభై అయిదు దాటినవాడివి, కోరి నీళ్ళ గండం తెచ్చుకోకురా" అన్నది మా అమ్మ. మా ఆవిడ చారు గిన్నె కింద పెట్టి, "ముందు వంటింటి కప్పు కురవకుండా చేయించండి" అన్నది. పన్నెండేళ్ళ మా అబ్బాయి మాత్రం, "ఎంతమంది పడతారు నాన్నా?" అని అడిగాడు. ముగ్గురిలో అసలైన ప్రశ్న వేసినవాడు వాడేనని నాకు ఆలస్యంగా తెలిసివచ్చింది.

ఈ పిచ్చి నాకు అంటించినవాడు టెక్సాసులో వున్న మా మేనల్లుడు. అక్కడి చెరువులలో బాస్ అనే చేప వున్నది. మన కొర్రమీనులాగే నాచు మాటున నక్కివుండి, ఎర కదిలిందంటే చాలు మీదికి దూకుతుంది. దానిని పట్టడానికే ఆ దేశంలో ప్రత్యేకంగా ఒక జాతి పడవ పుట్టింది. లూసియానాలో హోమ్స్ థర్మండ్ అనే ఆయన 1948లో ఇటువంటి పడవ మొదట తయారు చేశాడంటారు. నిలబడి గాలం విసరడానికి బల్లపరుపు ముందుభాగం, తిరిగే కుర్చీలు, పట్టిన చేపను బతికించి వుంచే నీళ్ళ తొట్టి, చప్పుడు చేయని చిన్న కరెంటు మోటారు - ఒకటేమిటి, సకల భోగాలూ వున్నవి. మావాడు తన పడవ ఫొటో పంపి, "మామయ్యా, మీ పక్కనే కృష్ణ వుండగా మీకేం లోటు?" అని రాశాడు.

నిజమే. మాది పాన్‌గల్. వనపర్తికీ కొల్లాపురానికీ నడుమ, కొండమీద కోట వున్న ఊరు. దక్షిణంగా పోతే కృష్ణ. శ్రీశైలం జలాశయం నిండుమట్టం 885 అడుగులు. నీళ్ళు అంతవరకు నిలిచిన నాడు మా దిక్కు రేవులలో అవతలి ఒడ్డు లీలగా కనిపిస్తుంది. అంత నీటి పక్కన పుట్టి పెరిగి, కాలేజీలో ఇరవై యేళ్ళుగా నదీ వర్ణనలు పాఠం చెబుతున్న నేను ఒక్కనాడైనా తెడ్డు పట్టలేదు. సిగ్గు వేసింది.

ఒక ఆదివారం రేవుకు పోయాను. అక్కడ వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయనను పలకరించి విషయం చెప్పాను. ఆయన తల ఎత్తకుండానే, "పుట్టి చూసుడు తర్వాత సారూ. ముందుగాల ఎంతమంది ఎక్కుతరో చెప్పున్రి" అన్నాడు. మా అబ్బాయి ప్రశ్నే! "నేనూ, మా వాడూ" అన్నాను. "గట్లనుకుంటనే అందరు కొంటరు" అని నవ్వాడు.

పుట్టిని చూడని పాఠకులకు ఒక మాట. అది పడవ కాదు, నీటిమీది బుట్ట. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అంచు చుట్టూ బద్దల కట్ట బిగించి, అడుగుకు వెనుక తోలు తొడిగేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద ఇవే పుట్టులను చూచి ఆశ్చర్యపోయాడు. మనుషులనే కాదు, గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటించేవారనీ, తెడ్డు వేస్తూ వుంటే గిరగిర తిరుగుతూనే పోతాయనీ రాశాడు. ఆ తుంగభద్ర మా దిగువనే కృష్ణలో కలుస్తుంది. అయిదు వందల యేళ్ళలో తోలు పోయి తారు వచ్చింది గాని, తిరుగుడు మాత్రం మానలేదు. ముక్కూ, వెన్నూ లేని గుండ్రని వస్తువు గదా! దానిని తిన్నగా నడపాలంటే వెనుక కాదు, ముందు వంగి కూర్చుని, తెడ్డుతో నీటిని అటూ ఇటూ తనవైపు లాక్కోవాలి. ఈ విద్య నాకు అబ్బడానికి రెండు నెలలు పట్టింది. అంతవరకు నేను పోయిన దూరంకన్నా తిరిగిన చుట్లే ఎక్కువ.

ఎన్నికలో పెద్దాయన నేర్పినవి నాలుగు. ఇద్దరు చేపలు పట్టుకునే పుట్టి ఆరడుగుల పైచిలుకు వెడల్పు వుంటే చాలు. ఒక్కడే వీపున మోసుకొని ఒడ్డెక్కగలగాలి. అలా మోసుకుపోయేవాడు దూరానికి పెద్ద తాబేలులా కనిపిస్తాడు. రెండు - పుట్టిని ఎండకు ఎత్తిపట్టి లోపలినుంచి చూడాలి. ఎక్కడైనా వెలుగు చుక్క కనబడితే అక్కడ నీటి చుక్క వుంటుంది. మూడు - అంచు కట్టు గోటికి కదలకూడదు. పుట్టి ప్రాణమంతా అంచులోనే వున్నది. నాలుగు - రంగు చూసి మురవకూడదు. ఫైబరు పుట్టులు కూడా వచ్చాయి, మన్నిక ఎక్కువే. కాని ధర వెదురు పుట్టికి ఎన్నో రెట్లు. నేను వెదురుదే కొన్నాను.

సరంజామా పెద్దగా లేదు. రెండు తెడ్లు - ఒకటి చేజారితే ఇంకొకటి. నీళ్ళు తోడే డబ్బా, లంగరుగా తాడు కట్టిన రాయి, చినుగు పడితే అతకడానికి కాస్త తారు, పాత గుడ్డ. వీటన్నిటికన్నా ముందు రెండు లైఫ్ జాకెట్లు. ఇవి మా ఆవిడ షరతు. పని అయ్యాక పుట్టిని ఆరబెట్టి నీడన బోర్లించాలి. నీటి అడుగున మునిగిన చెట్ల మోళ్ళు వున్నవి గనుక మట్టం తగ్గినప్పుడు మరీ జాగ్రత్త. గాలి లేవకముందే, అంటే పొద్దున్నే పోయిరావాలి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పుట్టి కొన్నంత మాత్రాన జలాశయంలో చేపలు పట్టే హక్కు రాదు. అది మత్స్యశాఖ లైసెన్సుతో, మత్స్యకారుల సహకార సంఘాలతో ముడిపడిన జీవనాధారం. మన సరదా ఇంకొకరి అన్నం కాకూడదు. అందుచేత పెద్దాయనతో ఒక ఏర్పాటు చేసుకున్నాను. వారమంతా పుట్టి ఆయనది. లైసెన్సు వున్నది, వల వేసుకుంటాడు. ఆదివారం మా అబ్బాయో నేనో ఆయన ఎదుట కూర్చుంటాము. కూరకు కావలసిన చేప డబ్బిచ్చి కొనుక్కుంటాము.

ఇంతవరకు బాగానే వున్నది. సంక్రాంతికి మా ఆవిడ అన్నగారు పిల్లవాడితో వచ్చారు. "బావగారూ, మీ నౌకావిహారం మాకు లేదా?" అన్నారు. ఆనాడు పెద్దాయన పొరుగూరికి పోయాడు. బావగారు భారీ మనిషి. నేనూ, ఆయనా, ఇద్దరు పిల్లలూ. నలుగురం. జాకెట్లు రెండే. అవి పిల్లలకు తొడిగాను. కూడదని నాకు తెలుసు. కాని ఇంటికి వచ్చిన బావగారిని కాదనడమెట్లా?

ఒడ్డునుంచి పది బారలు పోయామో లేదో, నీటి కోడిని చూపించడానికి బావగారు ఒక పక్కకు ఒరిగారు. అంచు నీళ్ళకు ఆనింది. ఆ తరువాత అంతా ఒక్క క్షణం. పుట్టి నిండింది, నలుగురం నీళ్ళలో వున్నాము. దైవికంగా అక్కడ నీళ్ళు నా గుండెలవరకే వున్నవి. బావగారి అబ్బాయి జాకెట్టు మూలాన తేలుతూనే వున్నాడు, కాని వాడి కేక ఇప్పటికీ నా చెవులలో వున్నది.

మరునాడు పెద్దాయన అంతా విన్నాడు. తిట్టలేదు. చాలాసేపటికి, "2007ల సింగోటం జాతరప్పుడు పడవ మునిగె గద సారూ" అని ఆగాడు. ఆ జనవరిలో కొల్లాపురం వైపు కృష్ణలో పోయిన ప్రాణాల సంగతి ఈ ఒడ్డున తెలియని ఇల్లు లేదు. తరువాత మెల్లగా అన్నాడు: "నీళ్ళకు మొకమాటం ఉండదు సారూ. మనకే ఉంటది."

ఆ రాత్రి మేనల్లుడికి ఫోను చేశాను. వాడన్నాడు: "మామయ్యా, మా పడవకు ఒక రేకు అంటించి వుంటుంది. ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువో దానిమీదే వుంటుంది." ఆ దేశంలో 1972 నవంబరు నుంచి తయారైన ఇరవై అడుగుల లోపు మరపడవలకు ఆ రేకు వుండి తీరాలని చట్టమట. మన పుట్టికి రేకు ఎవరు కొడతారు? యజమానే ఆ రేకు కావాలి. పుట్టి కొన్నవాడు మొదట నేర్చుకోవలసింది తెడ్డు వేయడం కాదు, కాదనడం.

మరుసటి ఆదివారం తెల్ల రంగు కొనుక్కుపోయి, పుట్టి లోపలి అంచున, నల్లబల్లమీద రాసినంత శ్రద్ధగా 'ఇద్దరికి మాత్రమే' అని రాశాను. మరుసటి సంక్రాంతికి బావగారు మళ్ళీ వచ్చారు. రేవుకు వచ్చి ఆ అక్షరాలను చూచి, కాసేపు మాట్లాడలేదు. తరువాత కొడుకు భుజంమీద చెయ్యి వేసి, "మామయ్యతో వెళ్ళిరారా. నేను ఇక్కడ కూర్చుంటాను" అన్నారు. ఆ పిల్లవాడు ఒక్క క్షణం తటపటాయించి, జాకెట్టు తొడుక్కొని నా ఎదుట కూర్చున్నాడు. పుట్టి ఒక చుట్టు తిరిగి, తిన్నగా బయలుదేరింది.