దొరికిన వచనం దగ్గరే ఆగిపోవద్దు



మన సంఘాల్లో అనేకులు ఇప్పుడు ఫోన్‌లోనే బైబిలు చదువుతున్నారు. ఒక మాట టైపు చేస్తే ఆ మాట ఉన్న వచనాలన్నీ వరుసగా వస్తాయి. ఇది మంచి సౌకర్యమే. అయినా “ఎంత వెదికినా దొరకలేదు” అని చాలామంది అంటుంటారు. సాధారణంగా వచనం అక్కడే ఉంటుంది, మనం వెదికే తీరే మారాలి.

మొదటిది, బైబిలు వాడిన మాటతో వెదకాలి. మనం మాట్లాడే తెలుగు వేరు, సంఘాల్లో చదివే పాత అనువాదపు తెలుగు వేరు. ఆసుపత్రిలో ఉన్నవారి దగ్గర చదవడానికి ‘శాంతి’ అని వెదికితే యోహాను 14:27 వస్తుంది గాని ఫిలిప్పీయులకు 4:7 రాదు. అక్కడ ఉన్న మాట ‘సమాధానము’. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకటే మాట, ‘ఐరేనే’. నేటి వాడుకలో సమాధానమంటే జవాబు గనుక ఆ మాట మనకు తట్టదు. అలాగే ‘టెన్షన్’ అని కాదు, ‘చింత’ అని వెదకాలి.

రెండవది, మాట మొదటి భాగం మాత్రమే టైపు చేయండి. తెలుగులో మాట చివర మారిపోతూ ఉంటుంది. 1 పేతురు 5:7లో ‘చింత’, మత్తయి 6:25లో ‘చింతింపకుడి’, ఫిలిప్పీయులకు 4:6లో ‘చింతపడకుడి’ అని ఉన్నాయి. మీ యాప్ పూర్తి పదాన్నే పోల్చేదైతే ఒక్కొక్క రూపాన్నీ విడిగా వెదకాలి. ‘సమాధాన’ అని ఆపితే యెషయా 9:6లోని ‘సమాధానకర్త’ కూడా దొరుకుతాడు.

మూడవది, ఫలితాలు మరీ ఎక్కువైతే మరొక మాట చేర్చండి, లేదా ఒక్క గ్రంథంలోనే వెదకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, దొరికిన తరువాత ఆ అధ్యాయం తెరవాలి. యిర్మీయాలో ‘సమాధాన’ అని వెదికితే 6:14, 29:11 రెండూ వస్తాయి. మొదటిది సమాధానం లేనప్పుడు ఉందని చెప్పినవారిపై గద్దింపు. రెండవది వాగ్దానమే. అయితే అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోనిది. దాని పై వచనంలోనే 70 సంవత్సరాలని ఉంది. ముందు అధ్యాయంలో హనన్యా రెండేళ్లలో అంతా చక్కబడుతుందని ప్రకటించాడు. ప్రజలకు అదే తీపిగా ఉండి ఉంటుంది, కాని అది అబద్ధం.

ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యౌవనస్థునికి 29:11 ఒక్కటే పంపి, వచ్చే నెలలోనే జరుగుతుందని చెబితే మనం యిర్మీయా పక్షాన ఉన్నామా, హనన్యా పక్షాన ఉన్నామా? ఆ నెల గడిచిపోతే అతని విశ్వాసం ఏమవుతుంది? అధ్యాయమంతా చదివి వినిపిస్తే, ఆలస్యంలోనూ దేవుడు తన ప్రజలను మరువలేదని అతడు తెలుసుకుంటాడు. ఆ ఆదరణ నిలుస్తుంది.

బెరయవారు పౌలు బోధనే లేఖనాలతో ప్రతిదినం సరిచూసుకున్నారు. మా బోధనూ, మా సంపాదకీయాన్నీ మీరు అలాగే సరిచూడండి. ఫోన్ వచనం ఎక్కడుందో చూపుతుంది. చదివి ధ్యానించవలసింది మనమే.