మగవాళ్ల మాత్ర, ఆడవాళ్ల రాయి

‘ఇది ప్రొస్టేట్ మందు కదండీ, మా ఆవిడకి రాశారేంటి?’ బందరు కోనేరు సెంటర్లోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా మందుల షాపులో ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగినాయన అనుమానం సబబే.

మందు పేరు టామ్సులోసిన్. 0.4 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర, రోజుకొకటి. ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం సాఫీగా రాని మగవాళ్ల కోసం 1997లో అమెరికాలో దీనికి అనుమతి ఇచ్చారు. ఆడవాళ్లకు ఉద్దేశించింది కాదని అక్కడి లేబుల్ మీదే ఉంటుంది. మరి కిడ్నీ రాయి నొప్పితో వచ్చిన ఆడమనిషికి ఎందుకు రాస్తున్నారు? ఈ మందు సడలించేది ఒక్క ప్రొస్టేట్ దగ్గరి కండరాన్నే కాదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే నాళం గోడల్లోనూ, ముఖ్యంగా దాని చివరి భాగంలో, మందు పనిచేసే చోట్లు ఉన్నాయి. సుమారు 25 సెంటీమీటర్ల ఆ నాళం ఆడామగా ఇద్దరికీ ఒకటే. లోపలి దారి మూడు, నాలుగు మిల్లీమీటర్లకు మించదు. అది సడలితే ఇరుక్కున్న రాయి జారుతుందని ఆశ. అనుమతి ఒక జబ్బుకు, వాడకం మరో జబ్బుకు అయితే దాన్ని ఆఫ్ లేబుల్ అంటారు. డాక్టరు ఆలోచించి రాస్తే తప్పేమీ కాదు. నాళం కింది భాగంలో ఇరుక్కున్న 10 ఎమ్మెమ్ లోపు రాళ్లకు ఈ తరగతి మందులు ఇవ్వవచ్చని అమెరికా యూరాలజిస్టుల మార్గదర్శకాలే చెబుతున్నాయి.

అయితే ఈ మాత్ర రాయిని కరిగించదు. దారి ఇస్తుంది, అంతే. ఆ దారి ఏపాటిదో మూడు పరీక్షలు చెబుతాయి.

2015లో బ్రిటన్‌లో 1,167 మందిని మూడు జట్లు చేసి, ఒక జట్టుకు టామ్సులోసిన్, ఒక జట్టుకు నిఫెడిపిన్ అనే మరో మందు, మూడో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగు వారాల్లో మరో చికిత్స అవసరం పడనివారు టామ్సులోసిన్ జట్టులో 81 శాతం, ఉత్తుత్తి మాత్ర జట్టులో 80 శాతం. 2018లో అమెరికా పరీక్షలో 512 మంది. 28 రోజుల్లో రాయి పడిపోయినవారు మందుతో 49.6 శాతం, మందు లేకుండా 47.3 శాతం. ఆ తేడాని లెక్కలోకి తీసుకోలేం. వీళ్ల రాళ్ల సగటు సైజు 3.8 ఎమ్మెమ్, అంత చిన్నవి చాలావరకు వాటంతట అవే పోతాయి. మూడోది చైనాది, 30 ఆస్పత్రుల్లో 3,296 మంది, అందరివీ నాళం చివర ఆగిన 4 నుంచి 7 ఎమ్మెమ్ రాళ్లే. అక్కడ మందుతో 86 శాతం, మందు లేకుండా 79 శాతం. లాభమంతా 5 ఎమ్మెమ్ దాటిన రాళ్లకే కనిపించింది. మొత్తమ్మీద చూస్తే 14 మంది మింగితే ఒకరికి అదనపు మేలు.

కాబట్టి స్కానింగ్ రిపోర్టులో సైజు ఎంత, రాయి ఎక్కడ అన్న రెండు సంగతులు చూసుకోండి. ‘వీయూజే’ (నాళం మూత్రాశయంలో కలిసే చోటు) అనో ‘లోయర్ యురెటర్’ (నాళం కింది భాగం) అనో ఉండి 5 ఎమ్మెమ్ దాటితే మాత్రకు అర్థం ఉంది. కిడ్నీలోనే కూర్చున్న రాయికి నెలల తరబడి మింగడం నా దృష్టిలో డబ్బు దండగ. రాయితోపాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రల సంగతి పక్కనపెట్టి ఆ రాత్రికే పెద్దాస్పత్రికి వెళ్లాలి.

ఇంకో మాట, పైన చెప్పిన 2018 అమెరికా పరీక్షలో ఆడవాళ్లు 512 మందిలో 139 మందే. ఆ సగటు ఎక్కువగా మగవాళ్లదేనని గుర్తుంచుకోవాలి.

అసలు ప్రమాదం ఇంట్లో ఉన్న స్ట్రిప్పుతో. ‘మావయ్యగారు వాడేది అదేగా, ఒకటి వేసుకో’ అనే మాట మన ఇళ్లలో తేలిగ్గా వచ్చేస్తుంది. యూరిమాక్స్ అనే బ్రాండులో ఉండేది టామ్సులోసిన్ ఒక్కటే. పక్కన ‘డి’ అక్షరం చేరితే అందులో 0.5 మిల్లీగ్రాముల డుటాస్టెరైడ్ కూడా ఉంటుంది. రాయికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాలు సరిగ్గా ఏర్పడకుండా అడ్డుపడగల మందు అది. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది కాబట్టి కారిన గొట్టాన్ని గర్భిణులు ముట్టుకోకూడదు. ఒంట్లో చేరిన డుటాస్టెరైడ్ సగానికి తగ్గడానికే సుమారు 5 వారాలు. అది వాడినవారు ఆపాక 6 నెలల దాకా రక్తదానం చేయకూడదంటారు, ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో అని. ఒక్క అక్షరం తేడాకి ఇంత కథ.

మామూలు టామ్సులోసిన్‌తోనూ లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. బీపీ మాత్రలు వాడే పెద్దావిడ రాత్రిపూట మంచం దిగేటప్పుడు కాసేపు కూర్చుని లేవాలి.

ఇక కంటి సంగతి. ఈ మందు వాడినవారికి శుక్లాల ఆపరేషన్‌లో కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ పట్టు తప్పి జారుతుందని 2005లో అమెరికా వైద్యులు గుర్తించారు. మందు ఆపేసినా ఆ ప్రభావం పూర్తిగా పోతుందన్న భరోసా లేదు. ముందే తెలిస్తే సర్జను తగిన జాగ్రత్తతో ఆపరేషన్ చేస్తారు. చిక్కేమిటంటే, ప్రొస్టేట్ మాత్ర వేసుకున్నారా అని ఆడవాళ్లను అడగాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? అందుకని రాయికి వాడిన స్ట్రిప్పును పారేయకుండా కంటి డాక్టరుకు చూపించాలి.

రాయి మళ్లీ రాకుండా చూసేది మాత్రం ఈ మాత్ర కాదు, నీళ్లు. దివిసీమ శివారు ఊళ్లలో బోరు నీళ్లనీ, ఉప్పు నీళ్లనీ తిట్టుకుంటాం, అరటి దూట రసం తాగుతాం. ఇటలీలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని 5 ఏళ్లు గమనించి 1996లో లెక్క చెప్పారు. మూత్రం రోజుకు 2 లీటర్లు దాటేలా నీళ్లు తాగినవారిలో 12 శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది, మిగతావారిలో 27 శాతం మందికి. మాత్ర తేడా 7 అయితే నీళ్ల తేడా 15.

ఆ నీళ్లే మన ఆడవాళ్లు తాగరు. వరి నాట్లకు దిగినా, రొయ్యల చెరువు గట్టున పనిచేసినా మరుగు ఉండదని పొద్దుటి నుంచి దాహం బిగబట్టుకుంటారు. కూలీలను పిలిచే రైతులూ, చెరువుల యజమానులూ పనిచోట మంచినీళ్ల డబ్బాతోపాటు నాలుగు రేకులతో ఒక మరుగుదొడ్డి నిలబెట్టండి.